కాళ్ళ కింద రగ్గు

నేను ఒక రగ్గుని. ముందే చెబుతున్నాను, నాకు కోపం ఎక్కువ. పాత వస్తువులు తమ కథ చెప్పుకునేటప్పుడు వినయంగా, మధ్యమధ్యలో నిట్టూరుస్తూ చెబుతాయని విన్నాను. నాకా ఓపిక లేదు. కప్పుకోవడానికి పుట్టినదాన్ని తీసుకెళ్ళి గుమ్మంలో పరిచి, రెండు పూటలా బురద బూట్లు తుడుచుకుంటే మీకెలా ఉంటుందో ముందు ఆలోచించండి. ఆ తరవాత నా మాటల్లో మర్యాద వెతుకుదురు గాని.

నేను పుట్టింది పానిపట్టులోని ఒక మిల్లులో. గొర్రె వీపు మీద నుంచి నేరుగా దిగినదాన్నని గొప్పలు పోను. మంచు దేశాలవాళ్ళు వాడి వాడి పారేసిన ఉన్ని కోట్లు, స్వెట్టర్లు, మఫ్లర్లు ఓడల మీద బేళ్ళకు బేళ్ళుగా వచ్చి అక్కడ పడతాయి. ఆడవాళ్ళు వరసగా కూర్చుని గుండీలు కోసి, జిప్పులు పీకి, రంగుల వారీగా గుట్టలు పోస్తారు. యంత్రం వాటిని పీచుపీచు చేస్తే, ఆ పీచు మళ్ళీ దారమై మగ్గమెక్కుతుంది. అలా ఎవరెవరివో కోట్లు కలిసి నేనయ్యాను. ముదురు బూడిద రంగు ఒళ్ళు. అంచుకు దగ్గరగా, ఏరేసేవాళ్ళ కన్నుగప్పి దూరిన ఎర్ర పోగు ఒకటి. ఆ పోగు ఒకప్పుడు ఏదో మంచు ఊళ్ళో బడికెళ్ళిన చిన్నపిల్ల కోటు. అందుకని మంచు అంటే ఏమిటో నాకు పుట్టకముందే తెలుసు. తెలిసి ఏం లాభం, నోరు లేదు.

ఇంత తెలిసిన నన్ను ఒక ఉత్తరాది వ్యాపారి సైకిలు వెనక కట్టుకుని అమ్మడానికి తీసుకెళ్ళిన ఊరు ఏదనుకున్నారు? రెంటచింతల. పల్నాడులో, ఎండాకాలం వచ్చిందంటే రోజూ పేపర్లో పేరుపడే రెంటచింతల. ఆ ఊళ్ళో చలి అంటే వాతావరణం కాదు, జ్వరం. నన్ను కొన్నది కూడా జ్వరానికే. శౌరమ్మ అనే ఆవిడ కూతురికి చలిజ్వరం తగిలి, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పినా పళ్ళు టకటకలాడుతుంటే, వీధిలో "రగ్గులే, రగ్గులూ" అన్న కేక వినపడి ఆవిడ పరుగున వచ్చింది. బేరం కూడా ఆడలేదు. నన్ను లాక్కుపోయి పిల్ల మీద కప్పి, రెండు పక్కలా దోపి, పైన శిలువ గుర్తు వేసింది.

ఆ పిల్ల పేరు ఫిలోమిన. ఇంట్లో మినా. కాసేపటికి దాని వణుకు ఆగింది. నా కింద ఒక చిన్న ప్రాణం వెచ్చబడటం నాకు తెలిసింది. నా బతుకులో నేను గర్వపడిన రోజు అది. ఆ తరవాత ఏళ్ళ తరబడి నన్ను కలరా ఉండలతో కలిపి ఇనప పెట్టెలో పడేశారు. ఫరవాలేదు, రెంటచింతలలో రగ్గుకి అంతకు మించిన ఉద్యోగం ఉండదు. అప్పటికి నాకు కోపం లేదు.

నన్ను మళ్ళీ బయటికి తీసింది మినా కెనడాకి చదువుకోవడానికి వెళ్ళేటప్పుడు. అక్కడే మొదలైంది అసలు భాగోతం.

మినా వాళ్ళ నాన్న లారీ మీద తిరిగే మనిషి. ఇంట్లో పెత్తనమంతా మేనమామ జోజిరెడ్డిది. జోజిరెడ్డి ఒకసారి ఊటీ వెళ్ళొచ్చాడు. అప్పటినుంచి ఆ వీధిలో చలి గురించి మాట్లాడే హక్కు ఆయన ఒక్కడిదే. నడింట్లో రెండు సూట్‌కేసులు తెరిచి పెట్టుకుని, మంచం మీద కూర్చుని, ఏది లోపలికి పోవాలో ఏది పోకూడదో ఆయనే తీర్పు చెప్పాడు.

"చలి అనేది చెవుల్లోంచి ఎక్కుద్దమ్మా. చెవులు మూసుకున్నావా, అదింక ఏం పీకలేదు. ఊటీలో నేను పడని చలా?" అని మూడు మంకీ టోపీలు, ఒక దూది కట్ట పెట్టించాడు.

ఆ పైన కడుపు సంగతి. కుక్కరు, పెనం, ఇడ్లీ రేకులు, గోంగూర పచ్చడి, పండుమిరపకాయ పచ్చడి, మూడు రకాల కారప్పొళ్ళు, చింతపండు. పచ్చళ్ళ సీసాల మూతలకు టేపు చుట్టి, ఆ టేపు మీద ఇంకో టేపు చుట్టి, పసిబిడ్డల్ని పడుకోబెట్టినట్టు బట్టల మధ్య పడుకోబెట్టారు. నేనేమీ పచ్చళ్ళకు శత్రువుని కాను. పరాయి దేశంలో మనిషికి సొంత రుచి కావాలి. కానీ అంతమంది పెద్దలు, అన్ని రోజులు పిల్ల ప్రయాణం గురించి మాట్లాడుకున్నారు కదా, ఒక్కరంటే ఒక్కరు ఆ పిల్ల మంచులో దేని మీద నిలబడుతుందని అడగలేదే! చెవులకు దూది పెట్టారు, కడుపుకి చింతపండు పెట్టారు. కాళ్ళు ఎవరికీ గుర్తు రాలేదు.

గుర్తు రాకపోయినా బాగుండేది. వచ్చింది, జోజిరెడ్డికి. నరసరావుపేట వెళ్ళి తెల్లని బూట్లు తెచ్చాడు. పైనంతా వల. వల కన్నాల్లోంచి వేలు చూపిస్తూ, "ఇదిగో, కాలికి గాలాడాల. గాలాడకపోతే పాచిపోద్ది. కొట్టోణ్ణి అడిగి అడిగి గాలి బాగా ఆడేయి తెచ్చినా" అన్నాడు. ఇంట్లో అందరూ తలలూపారు. వాళ్ళ తప్పు కాదనుకోండి. రోహిణికార్తెలో బతికినవాళ్ళకి మంచి బూటంటే గాలాడే బూటే. ఆయన ప్రేమగానే తెచ్చాడు. ఆ ప్రేమని చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నన్ను మటుకు సూట్‌కేసులోంచి తీసి పక్కన పడేశాడు. "ఈ బరువెందుకు? ఆడ ఇళ్ళల్లో వేడి పెడతారంట."

అప్పుడు మినా అడ్డం పడింది. "వద్దు మామయ్యా, రగ్గు తీసుకుపోవాల్సిందే. అబెనాకి మాటిచ్చినా."

అబెనా అంటే ఘనా దేశపు అమ్మాయి. అదే కాలేజీలో చేరబోతోంది. ఇద్దరూ కలిసి ఒక ఇంటి కింది గదులు అద్దెకు మాట్లాడుకున్నారు. ఎవరేం తెచ్చుకోవాలో ఫోన్లో రాసుకుంటుంటే, ఇంటికి ఒక రగ్గు కావాలి అని అబెనా ఇంగ్లీషులో రాసింది. మినాకి ప్రాణం లేచొచ్చింది. ఆ మెసేజిలో నిఘంటువు చూడకుండా అర్థమైన మాట అదొక్కటే కాబోలు. నా దగ్గర చాలా మంచి రగ్గుంది, నేను తెస్తాను అని వెంటనే రాసేసింది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్ల మినా. నరసరావుపేట కాలేజీలో ఏదో మాట తప్పు పలికితే క్లాసంతా నవ్వింది. కెనడా పంపించే కన్సల్టెన్సీ కుర్రాడు టై కట్టుకుని మరీ చెప్పాడు: "అక్కడ ఒక్క వర్డు రాంగ్ పడిందా, మీ వేల్యూ పోయినట్టే." రాజధానిలో గాజు అద్దాల ఆఫీసు పెట్టుకుని, నిండా ఇరవై రెండేళ్ళు లేని పిల్లల చెవుల్లో పోసిన విషం అది. మంచుకి తగిన బూట్లు ఎక్కడ కొనాలో చెప్పడం వాడికి రాలేదు. సిగ్గుపడటం ఎలాగో మాత్రం నేర్పి పంపించాడు.

సరే, మినా పంతం నెగ్గింది. నన్ను తాడుతో చుట్టగా కట్టి చంకలో పెట్టుకుంది. విమానంలో నన్నే కప్పుకుంది. మళ్ళీ నా ఉద్యోగం నాకు వచ్చిందని మురిసిపోయాను. నా ఒంట్లోని పాత కోట్లన్నీ సొంత ఊరికి పోతున్నాయని ఎర్ర పోగు కూడా మురిసిపోయి ఉంటుంది.

దిగేసరికి అక్కడింకా ఎండ కాస్తోంది. అబెనా గుమ్మంలోనే ఎదురొచ్చి మినాని వాటేసుకుంది. పొడుగ్గా, నవ్వు మొహంతో ఉండే పిల్ల. "రగ్గు తెచ్చావా? చలికాలం మంచంతా ఇంట్లోకి వస్తుందట, ఈ గుమ్మం దగ్గరే కావాలి" అంటూ నేల చూపించింది. మినాకి ఆ ఇంగ్లీషు సగమే అర్థమైంది. నేల చూపించడం మాత్రం పూర్తిగా అర్థమైంది. ఫోను తీసి ఆ మాట కొట్టి చూసుకుంది. తెరంతా నేల మీద పరిచిన తివాచీల బొమ్మలే. మనం కప్పుకునే రగ్గు, వాళ్ళు తొక్కే రగ్గు వేరు వేరని ఆ గుమ్మంలో నిలబడి తెలుసుకుంది.

ఒక్క మాట చెబితే అయిపోయేది. 'మా భాషలో రగ్గంటే కప్పుకునేది, పొరపాటు పడ్డాను' అంటే ఇద్దరూ నవ్వుకుని, ఏ పాత గోనెపట్టానో తెచ్చి గుమ్మంలో వేసేవాళ్ళు. మినా చెవులు ఎర్రబడ్డాయి. గొంతు లోపల ఆ కన్సల్టెన్సీ కుర్రాడు కూర్చున్నాడు. తాడు విప్పింది. నన్ను నాలుగు మడతలేసి గుమ్మం దగ్గర పరిచింది.

అబెనా నా వైపు చూసి ఒక్క క్షణం ఆగింది. వంగి నన్ను వేళ్ళతో తడిమింది. "చాలా బాగుంది" అని మాత్రం అంది. ఎందుకోగాని బూట్లు పక్కనే విప్పి, నన్ను తొక్కకుండా దాటుకుంటూ లోపలికెళ్ళింది. మొదటి వారమంతా అలాగే దాటుకుంటూ వెళ్ళింది.

నా కోపం ఆ రోజు పుట్టింది. జ్వరం పడ్డ పిల్లని కాపాడినందుకు ఆ పిల్ల చేతుల మీదుగానే నాకు దక్కిన గౌరవం చూశారా!

చలి వచ్చింది. ఊటీ చలి కాదు. మూతి బయట పెడితే ఊపిరి గడ్డకట్టి కనురెప్పల మీద తెల్లగా పేరుకునే చలి. ఆ ఊళ్ళో రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. మన దగ్గర ఊరగాయ జాడీలోకి పోవలసిన ఉప్పు, బూట్ల అడుగున అంటుకుని వచ్చి నా ఒంట్లో ఇంకేది. తడిసి, గడ్డకట్టి, మళ్ళీ తడిసి, నా ఉన్ని బిరుసెక్కిపోయింది. గుమ్మంలో పడి ఉండటం వల్ల ఇంకెవరికీ కనపడనిది ఒకటి నాకు కనపడేది. మినా కాళ్ళు.

అబెనా వచ్చిన కొత్తలోనే కాలేజీవాళ్ళ మాట విని మోకాళ్ళ దాకా వచ్చే బొచ్చు బూట్లు కొనుక్కుంది. "నువ్వూ కొనుక్కో, నేను తోడొస్తా" అని రెండుసార్లు పిలిచింది. మామయ్య కొనిచ్చిన కొత్త బూట్లుండగా ఇంకోటి ఎందుకని మినా అడ్డంగా తలూపింది. ఆ గాలాడే బూట్లతోనే వెళ్ళేది. గాలి ఎంత బాగా ఆడేదంటే, వల కన్నాల్లోంచి మంచు లోపలికి దూరి మేజోళ్ళు పిండితే నీళ్ళు కారేవి. నా మీద నిలబడి వేళ్ళు ముడుచుకుని, ఒక కాలితో ఇంకో కాలిని రుద్దుకునేది. తలకి మటుకు మంకీ టోపీ, చెవుల్లో దూది. రాత్రిళ్ళు స్వెట్టర్లు తొడుక్కుని, పైన పలచటి దుప్పటి ఒకటి కప్పుకుని, ముడుచుకుని పడుకునేది. ఇంటివాడు ఇంట్లో వేడి తగ్గించి, దాన్ని పెంచే మీటకు అద్దాల పెట్టె కట్టి తాళం వేసుకున్నాడు. వాడి మీద నా కోపం వేరే చెప్పాలంటే ఇంకో పుస్తకమవుతుంది.

ఒక ఆదివారం జోజిరెడ్డి ఫోన్ చేశాడు. మినా అప్పుడే చర్చి నుంచి వచ్చి నా మీద నిలబడి ఉంది.

"చలెట్టా ఉందమ్మా?"

"బానే ఉంది మామయ్యా. రగ్గు కప్పుకునే పడుకుంటున్నా."

"నే చెప్పలా! బూట్లో?"

"బ్రహ్మాండంగా ఉన్నయ్."

నా ఒంటి మీద నిలబడి, తడి మేజోళ్ళతో నన్ను తొక్కుతూ అన్న మాట అది. నాకు నోరుంటే ఆ ఫోన్లోకి అరిచేదాన్ని. 'ఓయ్ జోజిరెడ్డీ, నీ మేనకోడలు అబద్ధమాడుతోంది, దాని వేళ్ళు పాలిపోతున్నాయి' అని రెంటచింతల దాకా వినపడేట్టు అరిచేదాన్ని.

పరీక్షల వారంలో జరిగింది. సాయంత్రం బస్సు రాలేదు. వస్తుందేమోనని నిలబడి నిలబడి, చివరికి మినా నడిచే వచ్చేసింది. తలుపు తీసుకుని లోపల అడుగు పెట్టింది. ఎప్పుడూ ముడుచుకునే వేళ్ళు ఆ రోజు కదల్లేదు. నా మీద రాళ్ళు పెట్టినట్టున్నాయి ఆ కాళ్ళు. పైగా మొహాన నవ్వు. "అబెనా, నొప్పి తగ్గిపోయింది. అలవాటైపోయినట్టుంది" అంది.

మేజోళ్ళు విప్పితే ఎడమ కాలి చివరి వేళ్ళు కొవ్వొత్తి రంగులో ఉన్నాయి. మినా కెటిల్ అందుకుంది, మరిగే నీళ్ళు బకెట్లో పోసి కాళ్ళు పెట్టుకుందామని. అబెనా కేకేసి ఆ కెటిల్ లాక్కుంది. "స్పర్శ లేని కాలు మరిగే నీళ్ళలో పెడితే ఉడికిపోతుంది! ముట్టుకుని చూసుకోవే!" గోరువెచ్చటి నీళ్ళు పట్టింది. ఆంబులెన్సుకి ఫోన్ చేసింది. కాళ్ళకు చుట్టడానికి వెచ్చటిదేదైనా దొరుకుతుందేమోనని చుట్టూ చూసింది.

చూపు నా మీద పడింది. గబుక్కున వంగి నన్ను లాగింది.

ఇన్నేళ్ళుగా నేను కాచుకున్నది ఆ క్షణం కోసమే. కానీ నేనెలా ఉన్నాను? సగం తడి, సగం మంచు. ఉప్పు పట్టి అట్టకట్టిన ఒళ్ళు. నన్ను ఆ కాళ్ళకు చుడితే ఉన్న వేడి కూడా పోతుంది. అబెనా ఒకసారి చేత్తో తడిమి, నన్ను గోడకేసి విసిరికొట్టింది. తన కోటు విప్పి మినా కాళ్ళకు చుట్టింది. అవతల పారేసిన గుడ్డలా గోడ వార పడి, ఆంబులెన్సువాళ్ళు ఆ పిల్లని మోసుకుపోవడం చూశాను. చలిజ్వరం నాడు కాపాడినదాన్ని, అసలైన చలి నాడు పనికిరాకుండా పోయాను. అవమానం సంగతి అటుంచండి. నా పని నన్ను చెయ్యనివ్వలేదే అన్న ఆ కోపం ఇవాళ్టికీ చల్లారలేదు.

మిగతా వేళ్ళు దక్కాయి. చిటికెన వేలు నల్లబడింది. డాక్టర్లు కొన్నాళ్ళు చూసి, ఇక లాభం లేదని తీసేశారు.

మినా కట్టు కట్టిన కాలితో మంచం మీద కూర్చున్న రోజున అబెనా నన్ను తెచ్చి ఆమె ఒళ్ళో పడేసింది. వచ్చీరాని ఇంగ్లీషులో ఒకరు, నెమ్మదిగా విడమరిచి ఇంకొకరు మాట్లాడుకున్నారు.

"ఇది దుప్పటి కదా?"

మినా తల దించుకుంది. "మా దగ్గర దీన్ని రగ్గంటారు. ఆ రోజు నువ్వు నేల చూపించాక తప్పు తెలిసింది. చెప్పడానికి సిగ్గేసింది."

అబెనా ఏడ్చేసింది. "నాకు మొదటి రోజే తెలుసు. ఇంత మంచి దుప్పటిని గుమ్మంలో వేస్తోందేమిటా అనుకున్నాను. మీ ఆచారమేమో, అడిగితే తక్కువ చేసినట్టుంటుందేమో అని నోరు మూసుకున్నాను."

విన్నారా? ఒకరిది సిగ్గు, ఒకరిది మర్యాద. మధ్యలో పోయింది వేలు. మనుషులు మాటలు కనిపెట్టుకున్నది ఇందుకేనా? నోరు లేని నేను అరవలేక చస్తుంటే, నోరున్న ఇద్దరూ ఒకే గదిలో అన్ని రోజులు మౌనవ్రతం పట్టారు!

ఆ మర్నాడు అబెనా నన్ను బట్టలుతికే మిషన్లో వేసింది. ఉప్పంతా పోవాలని బాగా వేడి నీళ్ళు పెట్టింది. ఉన్నిని వేడి నీళ్ళలో తిప్పితే ఏమవుతుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. బయటికి వచ్చేసరికి ముడుచుకుపోయి, మందంగా, సగమై ఉన్నాను. ఇక నిండా మనిషిని కప్పలేను. అబెనా నెత్తిన చేతులు పెట్టుకుంది. మినా మాత్రం నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, కాళ్ళ మీద వేసుకుంది. అంతవరకే వస్తున్నాను. సరిపోయాను.

ఏడాది తిరిగింది. మళ్ళీ ప్రయాణాల రోజులు. ఒకనాడు జోజిరెడ్డి వీడియోలో కనపడ్డాడు. వెనక నడింట్లో రెండు సూట్‌కేసులు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. పక్కన ఒక పిల్ల.

"మన అంతోనయ్య మనవరాలు అల్ఫోన్సా అమ్మా. నీ కాలేజీకే వస్తంది. ఏమేం తెచ్చుకోవాలో నువ్వు చెప్పు. నేనైతే టోపీలు కొనిపెట్టినా. బూట్లు గూడా, నీకు తెచ్చినట్టే, గాలాడేయి."

వేలు సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఏడాదిపాటు దాచింది. నేను ఆమె కాళ్ళ మీదే ఉన్నాను. ఆ కాలి వేళ్ళు ముడుచుకోవడం నాకు తెలిసింది, చలి లేకపోయినా. 'బ్రహ్మాండంగా ఉన్నయ్' అన్న మాట మళ్ళీ నోటిదాకా వచ్చే ఉంటుంది. అల్ఫోన్సా అవతల పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది. తెల్ల బూట్లు పెట్టె పైనే కనపడుతున్నాయి.

మినా నన్ను పక్కకు తీసింది. మేజోడు విప్పింది. ఫోను కిందికి తిప్పి కాలు చూపించింది.

అవతల జోజిరెడ్డి గొంతు వినపడింది. "నేను... కాలికి గాలాడాలనే కదమ్మా..." ఊటీ గురించి మాట్లాడే ఆ మనిషి భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"నీ తప్పు కాదు మామయ్యా, నే చెప్పకపోవటం నా తప్పు" అంది మినా. ఆ తరవాత గొంతు మారింది. అది కోపం. అబ్బ, ఎన్నాళ్ళకు విన్నాను! "అల్ఫోన్సా, పచ్చళ్ళు తెచ్చుకో, వద్దనను. ఆ బూట్లు మటుకు ఆడనే వదిలెయ్. ఈడ దిగినరోజే నేనొచ్చి బూట్లు కొనిపిస్తా. ఇంకోటి విను. చలేస్తే చలేస్తందని చెప్పు. మాట తెలవకపోతే తెలవదని చెప్పు. ఎవడన్నా నవ్వితే నవ్వనియ్యి. నవ్వితే వేళ్ళు ఊడవు."

ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి విని, రాసుకుని, కాస్త జంకుతూ అడిగింది. "మరి రగ్గు తెచ్చుకోమంటవా అక్కా?"

మినా నా వైపు చూసింది. నన్ను తీసి మళ్ళీ కాళ్ళ మీద కప్పుకుంది. ఎర్ర పోగు ఉన్న అంచుని ఆ వేలు లేని చోట సరిగ్గా దోపింది, వాళ్ళమ్మ దోపినట్టే.

"తెచ్చుకో. కింద మాత్రం వెయ్యమాకు."